మా కోడలి పెళ్ళి ప్రకటనలు

జూన్ 8, ఆదివారం

ఒప్పుకుంది! మా సలోమి పెళ్ళికి ఒప్పుకుంది! స్తోత్రం, స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు — ఇంకేం రాయాలో తోచడం లేదు.

ఆరాధన అయ్యాక బస్టాండు వైపు నడుస్తున్నాం. మనవరాలు బ్లెస్సీ ఐసు కావాలని నా వేలు పట్టుకుని ముందుకు లాగుతోంది. వెనక నుంచి కోడలి గొంతు, మెల్లిగా — "మామా... ఆ దానియేలు సంగతి. సరే అని చెప్పండి."

అంతే. రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. మామిడికాయల ట్రాక్టరువాడు హారను మీద హారను. కొట్టుకోనీ!

మా ప్రసాద్ పోయి రెండు మామిడి కాపులు దాటాయి. కొడుకు లేని ఇంట్లో కోడలు మాతోనే ఉండిపోయింది. పొద్దున పల్పు ఫ్యాక్టరీలో కాయలు ఏరుతుంది. సాయంత్రం వచ్చి నా కుట్టు మిషను పక్కన కూర్చుని కాజాలు కుడుతుంది, మామిడి సొనకు పొక్కిన వేళ్ళతోనే. ఇంకా ముప్పై నిండలేదు. దానియేలు పేరు ఎత్తినప్పుడల్లా "మిమ్మల్ని ఇడిసిపెట్టి యాడికి పోయేది మామా" అనేది. అతను చిత్తూరులో బండ్ల మెకానిక్కు. భార్య పోయింది, పిల్లలు లేరు. బ్లెస్సీ కనిపిస్తే చేతుల గ్రీజు తుడుచుకుని మరీ ఎత్తుకుంటాడు. ఇంకేం కావాలి?

ఇంటికి రాగానే నా భార్య రత్నమ్మకు చెప్పాను. బియ్యం కడగడానికి పోయింది. కడిగిన బియ్యమే మళ్ళీ కడిగింది.

జూన్ 9

జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టేశాను. విప్పుతున్నాను. నవ్వుతూనే విప్పుతున్నాను.

జూన్ 11, బుధవారం

రత్నమ్మ ఇవాళ నోరు తెరిచింది. తెరవకపోయినా బాగుండేది.

"నా కొడుకు పెండ్లాన్ని నా చేత్తో ఇంగొకరింటికి పంపమంటావా?"

"ఆ పిల్లకూ బతుకు ఉండాది గదా రత్నమ్మా..."

"బ్లెస్సీ గూడా పోతాది. ఆ బిడ్డ మొగంలోనే గదయ్యా వాడు నాకు అగపడేది. ఇంగ నేను ఎవుర్ని సూసుకునేది?"

సలోమి వంటింట్లోనే ఉంది. అంతా వినే ఉంటుంది. అత్త కాదంటే ఈ పిల్ల ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకుంటుంది, నాకు తెలుసు. అత్త మాట దాటి అడుగు వేసే మనిషి కాదు.

సాయంత్రం ప్రార్థన కూటానికి ఒక్కడినే పోయాను. రత్నమ్మ బుధవారాలు రాదు. ఆదివారం వస్తుంది గానీ గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంటుంది. ఒకప్పుడు ఆడవాళ్ళ వైపు పాట ఎత్తేది తనే! ప్రసాద్‌ను మట్టికి ఇచ్చిన రోజు నుంచి ఆ గొంతు లేవలేదు.

చాప మీద కూర్చున్నాను. ఏమీ అడగలేదు దేవుణ్ణి. పాస్టరు అయ్యగారు బైబిలు చదువుతున్నారు. ఫ్యాను కిర్రుమంటోంది. పక్కన ఒక ముసలమ్మ తాగుబోతు అల్లుడి కోసం కన్నీళ్ళు పెట్టుకుంటోంది, ఆమె కోసం కూడా ఆమెన్ అన్నాను. ఊరికే అలా కూర్చున్నానే — నెత్తిమీది మూటకు ఎవరో ఒక చెయ్యి వేసినట్టు... దించలేదు. పట్టుకున్నారు, అంతే. అదే చాలు. వచ్చి కడుపునిండా తిన్నాను.

జూన్ 13

అయ్యగారి ఇంట్లో అందరం. దానియేలు, అతని తల్లి, సలోమి, నేను. రత్నమ్మ రాలేదు. "మోకాళ్ళు నొప్పి" అని చెప్పమంది. చెప్పాను. అయ్యగారు నమ్మలేదు.

మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదవాలి. ఎవరికైనా అడ్డు ఉంటే చెప్పాలి. ఆ తరువాతే పెళ్ళి.

"పెండ్లికూతుర్ని చెయ్యి పట్టుకొని తెచ్చేది ఎవరమ్మా?" అయ్యగారు అడిగారు. సలోమి తండ్రి దాని చిన్నప్పుడే పోయాడు.

సలోమి తల ఎత్తకుండానే — "ఈయనే. మా మామే."

దానియేలు తల్లి బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "మామ కోడల్ని ఇచ్చేదా! యాడన్నా ఉండాదా అట్లా?"

"యాడా లేకుంటే ఈడ ఉంటాదిలే అమ్మా" అన్నారు అయ్యగారు.

ఆమె కూడా నవ్వింది. దేవా, నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడవాలా!

జూన్ 15, ఆదివారం

సిగ్గు. సంతోషం. సిగ్గు. ఏది ముందు రాయను?

మొదటి ప్రకటన ఇవాళ. నేను ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో. మా చర్చిలో ప్రకటనలు కాగానే సాక్ష్యాలు ఉంటాయి — దేవుడికి కృతజ్ఞత చెప్పాలనుకున్నవాళ్ళు లేచి నిలబడతారు. నేను రాత్రే మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను. అయ్యగారు పేర్లు చదివారు. సలోమి పేరు మైకులో వినబడగానే నాకు ఇంకేమీ వినబడలేదు. ఆయన గొంతు ఆగింది. నా వంతు వచ్చిందని లేచాను.

ఆయన ఆగింది "అడ్డు ఉన్నవారు లేచి చెప్పవచ్చు" అన్నాక!

అయ్యగారి కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. వెనక ఎవరో — "అయ్యో, ముసిలాయనకు ఇష్టం లేదప్పా." దానియేలు తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సలోమి మొహంలో నెత్తురు లేదు. ఏమిటిది, అందరూ ఎందుకు ఇలా చూస్తున్నారు? నాకు అర్థం కావడం లేదు. చెబుదామంటే కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఏడుపు వచ్చేసింది. కొడుకు పోయిన తండ్రి, నడి చర్చిలో నిలబడి, ఏడుస్తూ... ఇంకేం అనుకుంటారు!

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి —

"కూసో అయ్యా, కూసో! అయ్యగారూ, ఆయనకు అడ్డం లేదు. సంతోషం పట్టలేక లేసినాడు, పిచ్చిమనిషి. మాకు ఏ అడ్డమూ లేదు. సదవండి మీరు."

రత్నమ్మ! మాకు అంది! మా ఇద్దరికీ కలిపి అంది!

జనం ఒక్కసారిగా నవ్వారు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ నవ్వుల్లోనే, ఎవరూ ఎత్తమనకుండానే, గుమ్మం దగ్గర పాట మొదలైంది. మరీ పై శ్రుతిలో ఎత్తింది, గొంతు బొంగురు, రెండో చరణంలో మాట మరిచిపోయింది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. సలోమి లేచి, చెప్పులు దాటుకుంటూ పోయి, అత్త పక్కన కింద కూర్చుంది.

నేను పాడలేదు. వింటూ కూర్చున్నాను. ప్రసాద్ పోయాక ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం ఇదే మొదటిసారి.

జూన్ 16

టీ అంగడి దగ్గర — "టైలరన్నా, వచ్చే వారం గూడా లేస్తావా? చెప్పు, మేమూ వస్తాము సూసేదానికి."

దానియేలు తల్లి ఫోను. "అన్నా, నా పానం పోయినంత పనైంది పో. ఇంగోసారి లేసేటట్లుంటే ముందు చెప్పు సామీ!"

నవ్వనీ. అందరూ నవ్వనీ.

జూన్ 18

రత్నమ్మను అడిగాను, ఆ రోజు అంత ధైర్యం ఎక్కడిదని.

"ధైర్యమా పాడా. ఆ పిల్ల మొగం సూసినాను. అట్లా తెల్లబోయేది ముందర ఒక్కసారే సూసినాను, ప్రసాద్ పోయిన దినం. రెండోసారి సూసేది నా వల్ల కాలేదు."

తరువాత సలోమి దగ్గరికి పోయి, కూర తరుగుతూ, మాటవరసకు అడిగినట్టు — "పెండ్లైనాక శనివారాలు బ్లెస్సీని పంపిస్తావా?"

"పంపించేదేంది అత్తా? మేమే వస్తాము. ఈడనే పండుకొని, పొద్దున అందరం కలిసే చర్చికి పోతాము. దానియేలుకు ముందే చెప్పినాను."

రత్నమ్మ వంకాయలు తరుగుతూనే ఉంది. ఈ పూట వంకాయలు ఎక్కువయ్యాయి.

జూన్ 22, ఆదివారం

రెండో ప్రకటన. రత్నమ్మ బ్లెస్సీని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. "తాతను లేయనీకుండా పట్టుకో." పిల్ల నా చొక్కా గుండీ పట్టుకుని ప్రకటన అయ్యేదాకా వదల్లేదు.

ఈరోజు ప్రభువు బల్ల — రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం. రత్నమ్మ గుమ్మం దగ్గర నుంచి లేచి ముందుకు వచ్చింది. మోకాళ్ళూనింది. రొట్టె తీసుకుంది. నాకు ఎదురుగా, అంత దగ్గరలో. చెంపలు తడి. ఏడుపు కాదది... విశ్రాంతి. పొలం పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న మనిషి మొహం.

జూన్ 26

దానియేలుకు తెల్లచొక్కా కత్తిరించాను. కొలత తీస్తుంటే నన్ను "నాయనా" అన్నాడు. టేపు కింద పడేసుకున్నాను. భుజం కొలత మళ్ళీ తీయాల్సి వచ్చింది. ప్రసాద్ కంటే కాస్త వెడల్పు. గుండెలో ముల్లు కదిలింది — కదలదా? కదిలి ఊరుకుంది.

జూన్ 29, ఆదివారం

మూడో ప్రకటన అయింది. అడ్డు లేదు! మూడోది అయ్యేదాకా చుట్టాలకు చెప్పకూడదని రత్నమ్మ పట్టు. ఇంక చెప్పొచ్చు. అన్నం తిని రాయడానికి కూర్చున్నాను. తను పక్కనే కూర్చుని చెబుతోంది. చెప్పాల్సినవాళ్ళు —

శ్రీహరికోటలో కాపలా పని చేసే బామ్మర్ది. సెలవు దొరకాలి, అతనికే ముందు.

తిరుపతి చెల్లెలు. ఫోనులో చెవి వినబడదు, బస్సెక్కి పోయి చెప్పాలి.

పలమనేరు చిన్నాన్న కొడుకు. చెప్పకపోతే అలుగుతాడు, చెప్పినా అలుగుతాడు.

సలోమి తల్లి. ఆమెకు అన్నీ తెలుసు, అయినా ఆకూ వక్కా పెట్టి చెప్పడం మర్యాద.

పుత్తూరు వియ్యంకులు, సలోమి చిన్నాన్నలు, ఇద్దరికీ విడివిడిగా.

గూడూరు అక్క.

ఇక్కడ కలం ఆగింది. ప్రసాద్‌ను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది మా అక్కే. సమాధి దగ్గర సలోమిని పట్టుకుని "నువ్వు వాని పేరు మీదనే ఉండాలమ్మే" అని ఏడ్చింది. ఆమెకు ఏమని చెప్పను? ఎవరు చెప్పేది?

"నువ్వు చెప్తే ఏడుస్తావు. ఇటియ్యి" అంది రత్నమ్మ. ఫోను తీసుకుని గడప మీద కూర్చుంది. సలోమి వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది.

రింగవుతోంది. అక్క ఇంకా ఎత్తలేదు...