వెనక సీటు తలుపు

ఏమండీ,

ఇవాళ అమ్మాయి పెళ్లయింది. ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకు తిరిగే కార్లు అద్దెకు మాట్లాడి, ఎవరు ఎందులో ఎక్కాలో మీ అన్నయ్యగారే తేల్చారు. "పెళ్లికూతురి కారులో ముత్తయిదువలే కూర్చోవాలమ్మా" అని నన్ను అన్నిటికన్నా వెనక, మన పాత అంబాసిడర్‌లో ఎక్కించారు. పండ్ల బుట్టలకు నేను తోడు.

మండపం దగ్గర అద్దె డ్రైవర్ "జర గీడనే కూసోండ్రమ్మా, బుట్టలు లోపల పెట్టొస్త" అని తలుపు వేసి వెళ్లాడు. ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు కదా. ఎప్పుడూ మీరే దిగొచ్చి తీసేవారు.

బాజాలు మొదలైనా అతను రాలేదు. మీరు చుట్టూ తిరిగొచ్చే వైపే కాసేపు చూశాను. తర్వాత అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, నేనే తీసుకుని దిగాను.

అలా తీయొచ్చని నాకు మొదటినుంచీ తెలుసు. మీకే చెప్పలేదు.