సూదికి వేలు చూపించడం

చిజురు అక్కకు, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు.

మంగళవారం పొద్దున ఇన్సులిన్ వేసుకున్నానో లేదో గుర్తురాక రెండోసారి పొడుచుకున్నాను. ప్లాట్‌ఫారం మీద కళ్లు తిరిగి కూలబడితే స్టేషన్‌మాస్టర్ తోగావా గారు తీపి పళ్లరసం తాగించారు.

"రైలు డ్యూటీలో పొరపాటు రాకూడదని ప్రతి సిగ్నల్‌కీ వేలు చూపించి గొంతు చించుకుంటావు కదయ్యా, నీ సూదికి ఆపాటి మర్యాద లేదా?" అన్నారు.

ఇప్పుడు సూది వేసుకోగానే క్యాలెండర్‌లో ఆ రోజు అంకెకి వేలు చూపించి "ఈ పూటది అయింది!" అని అరుస్తున్నాను. పక్కింటావిడ నవ్వుతోంది. డాక్టరు గారు పరీక్షించి చెప్పారు: నాది నిర్లక్ష్యం కాదట, పుట్టుకతో, బహుశా నాన్న నుంచే వచ్చిన ధ్యాస నిలవని జబ్బట.

మిఠాయిలు పంపకు. పెద్ద అంకెల క్యాలెండర్ పంపు. బావగారి నడుంనొప్పి తగ్గిందా?

నాన్న సూది మరిచిపోయినప్పుడల్లా "ఒళ్లంటే లెక్కలేదు" అని తిట్టేవాళ్లం. ఆయన ఫొటో ముందు అగరొత్తి వెలిగించి, వేలు చూపించి, నా బదులు గట్టిగా చెప్పు: "తప్పు నీది కాదు!"

తమ్ముడు హిరోమిచి