మూడు వేల గీత

అక్క చెబివోత్‌కు తమ్ముడు కిప్తారుస్ రాసేది. ఇక్కడ మనుషులం అందరం బాగున్నాం. లోండియానీలో నువ్వూ బావా పాపా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నాన్న దగ్గు తగ్గింది. మొక్కజొన్న నడుం ఎత్తు పెరిగింది. పిడుదులు చావడానికి పశువుల్ని ఈదించే మందునీళ్ల తొట్టి దగ్గర నా పని ఎలా ఉందని అడిగావు. కొలతలు మారాయి. మందు డబ్బాల మీద ఇప్పుడన్నీ లీటర్లే. తొట్టిలో నీళ్లు కొలిచే కర్ర మీద మాత్రం పాత గాలన్ల గీతలే ఉన్నాయి.

నా దగ్గర మేపుకు వదిలిన నీ ఆవు చెలెల్ ఈనిందా అని అడిగావు. పాపకు నీ పాలు చాలడం లేదని, ఆవు వస్తుందని పాలు పోసే సొరబుర్ర కడిగి పొగబెట్టి ఉంచానని రాశావు. ఆ సంగతి కొంచెం ఆగి రాస్తాను.

పోయిన నెల పశువులకు చెవుల కింద గడ్డలు లేచి జ్వరం వచ్చింది. మన కొండవైపు పదకొండు పోయాయి. అరప్ చుమో ముసలాయన బయటి సంతలో కొన్న గిత్తే రోగం తెచ్చిందన్నారు. తొట్టి గేటు దగ్గర దాన్ని ఆపేశారు.

"ఒక్క గడ్డన్నా ఉందేమో తడిమి చూడండ్రా," అన్నాడాయన.

"తడిమేదేం లేదు తాతా, తోలుకుపో," అన్నారు అక్కడున్నవాళ్లు.

గేటు మూసింది నేనే.

శనివారం కిరోసిన్‌కని చెప్‌కెమోయ్ దుకాణానికి మన పాత గాలన్ డబ్బా తీసుకెళ్లాను. నాలుగు లీటర్లు పోసి ఆమె నవ్వింది.

"దీని కడుపు నిండదేమయ్యా? నీ పోలికే. ఇంకో అరలీటరు పడుతుంది."

డబ్బా అక్కడే వదిలి తొట్టి దగ్గరికి పోయాను. మందు డబ్బా మీద వెయ్యి లీటర్ల నీళ్లకు ఒక లీటరు మందు అని రాసి ఉంది. వానల ముందు తొట్టి కడిగి, మూడు వేల గీత దాకా కొత్త నీళ్లు పట్టి, మూడు లీటర్లు పోశాను. ఆ గీత గాలన్లది, గాలన్‌కు నాలుగున్నర లీటర్లు. పదమూడు లీటర్ల పైనే పోయాల్సింది. ఎనిమిది పింట్లు ఒక గాలన్ అని బొగ్గుతో గోడ మీద రాసి నువ్వు నేర్పావు. గాలన్‌కు ఎన్ని లీటర్లో నేను ఎవరినీ అడగలేదు. ఆ నీళ్లకు పిడుదులు చావలేదు. రోగం వాటి వల్లే వచ్చింది.

నిన్న అరప్ చుమో ఇంటికి వెళ్లాను. గిత్త లేదు.

"ఊరి నోరు మూయడానికి కోయించేశాను. లోపలంతా శుభ్రంగా ఉందబ్బాయ్," అన్నాడు. కూర్చోమని పాలు పోశాడు. తాగి వచ్చాను. చెప్పలేకపోయాను.

మంగళవారం తొట్టి రోజు. గేటు తెరవకముందే ఆయన్ని పిలిపించి అందరి ముందూ చెబుతాను. ముందు నీకు చెప్పాలని రాస్తున్నాను.

ఆ పదకొండింటిలో చెలెల్ ఒకటి. దూడ కడుపులోనే ఉంది. ఆవు చస్తే మేపినవాడు సొంతదారుకు చర్మం చూపించాలి కదా, ఆరబెట్టి ఉంచాను. నేనే తెస్తాను.

ఆ సొరబుర్రలో ఎవరివైనా పాలు దొరికితే పోసుకో. నా కోసం ఖాళీగా ఉంచకు.

ఇట్లు,
నీ ఆవును మేపిన తమ్ముడు
కిప్తారుస్