ఇరవై వేల హెర్ట్జ్ దాకా

అక్టోబరు 6, ఆదివారం

కొత్త సౌండ్ సిస్టమ్ కొనాలని నిశ్చయించాను. పాత టీవీలో మాటలు ముద్దగా వస్తున్నాయని గ్రజినాకి చెప్పాను. అసలు కారణం ఇక్కడ రాసుకోవచ్చు, మొగుడి డైరీ చదివేంత తీరిక మా ఆవిడకి లేదు.

వచ్చే నెల 24న మా అమ్మాయి లిద్కా నటించిన సినిమా టీవీలో వేస్తారు. సెప్టెంబరులో వార్సాలో మొదటి ఆటకి పిలిచింది. రెండు గంటలసేపు నా కూతురి పెదాలు కదలడం చూశాను. ఒక్క ముక్క అందలేదు. బయటికొచ్చి, అద్భుతంగా చేశావన్నాను. హాలు ముందు జనం గోలలో అది కూడా ఏదో చెప్పింది. నవ్వుతూ తలాడించి ఒక మంచి మాట అనేశాను.

ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఫోన్ నేనెత్తితే అమ్మనడుగుతుంది. నా పొగడ్త డొల్లదని పట్టేసి ఉంటుంది. ఈసారి ప్రతి మాటా వినాలి. విని, నిజమైన మాట ఒక్కటైనా దానితో చెప్పాలి.

అక్టోబరు 9

బావమరిది బోగుష్ కేటలాగులు మోసుకొచ్చాడు. ట్రాలీబస్సు నడిపేవాడికి తెలియని విద్య లేదు. వెయ్యి వాట్లది తీసుకో బావా, గోడలు అదరాలి అంటాడు. గోడలు అదిరితే నాకేం లాభం?

రోజంతా చదివాను. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే వెయ్యి వాట్లు పీక్ అట, క్షణం సేపు గొంతు చించుకుంటే వచ్చేది. నిలకడగా ఇవ్వగలిగేది ఆర్ఎంఎస్. పెళ్ళిలో రెండో వోద్కా తర్వాత బోగుష్ పాడేది పీక్. ముప్పై ఐదేళ్ళుగా గ్రజినా నన్ను తిడుతున్నది ఆర్ఎంఎస్.

సెన్సిటివిటీ మూడు డెసిబెల్ ఎక్కువుంటే, వాట్లు రెట్టింపు పెట్టినంత పని. ఓమ్‌లు యాంప్లిఫయర్‌కి సరిపోవాలి. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ యాభై నుంచి ఇరవై వేల హెర్ట్జ్ దాకా అని అందరూ రాస్తారు. పక్కన ప్లస్ ఆర్ మైనస్ మూడు డెసిబెల్ అని లేకపోతే మాత్రం ఆ అంకె ఉత్త కోతలే. కింద ఎంత, పైన ఎంత అని గొప్పలు చెప్పుకుంటారు, మధ్యలో ఎక్కడ పడిపోతుందో చెప్పరు.

అక్టోబరు 12

సినిమాలో మాటలన్నీ దాదాపుగా సెంటర్ స్పీకర్లోంచే వస్తాయట. మిగతావి గాలీ, వానా, తుపాకులూ. అయితే నాకు కావలసింది సెంటరే.

అక్టోబరు 19, శనివారం

బోగుష్‌ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. అక్కడి ఒటీలియా గారు ఓపికమంతురాలు. నేను నాలుగు ప్రశ్నలు దంచేసరికి, మీరు ఇంజనీరా అని అడిగింది. రేకుల ప్రెస్సు మీద ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశానని చెప్పలేదు. ఊరుకున్నాను, గొప్పగానే ఉంది.

తర్వాత సెంటర్ స్పీకర్ ఎంతవరకూ పాడుతుందో చూపిస్తానని, బరువైన కూత నుంచి సన్నటి కూతదాకా ఎక్కించుకుంటూ పోయింది. కొంతసేపటికి ఆగింది. నేను తలాడించి, చాలా శుభ్రంగా ఉంది, ఇక పై స్వరాలు వెయ్యండి అన్నాను.

అప్పుడు చూశాను. బోగుష్ రెండు చెవులూ మూసుకుని, ఆపించు బావా, పళ్ళు జివ్వుమంటున్నాయి అంటున్నాడు. అవతల టీవీలు చూస్తున్నావిడ కూడా మొహం చిట్లించుకుంది. కూత ఆగలేదు. నాకే ఆగింది.

ఒటీలియా గారు నా మొహం చూసి కూత ఆపేసింది. సెంటర్‌ని చెవి ఎత్తులో పెట్టుకోండి, మాట తేటగా ఉంటుంది అంది, ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా. ఆ నెమ్మదికి నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. అన్నిట్లోకీ ఖరీదైనది కొనేశాను.

అక్టోబరు 26

బిగించాం. సముద్రపు దొంగల సినిమా పెట్టాను. ఆహా! మన టీవీలో విదేశీ సినిమా అంటే ఏముంది, నటుల గొంతులు అడుగున గొణుగుతుంటే పైన లెక్టర్ ఒక్కడే లావు గొంతుతో అందరి మాటలూ చదివేస్తాడు. హీరో, హీరోయిన్, పసిబిడ్డ, అన్నీ ఆయనే. ఆవేశం లేదు, ఏడుపు లేదు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా విన్నాను. నా చెవులు భేషుగ్గా ఉన్నాయి, లోపం పాత టీవీదే అని గ్రజినాతో అన్నాను.

అక్టోబరు 28

మన సినిమా ఒకటి పెట్టాను. లెక్టర్ లేడు. మళ్ళీ ముద్ద. ఆడవాళ్ళ మాటలు మరీను. మన భాష నిండా సన్నటి స, ష, చ లే కదా, అవన్నీ ఎక్కడికి పోతున్నాయో. మన సినిమాల్లో మాటలు అర్థం కావని దేశమంతా అంటుంది, నేనూ అదే అన్నాను. వంటింట్లో పియెరోగీ కుడుములు ఉడకబెడుతున్న గ్రజినా నా ఎదురుగా వచ్చి, ఏమర్థం కాలేదు, వాడు బాకీ తీర్చనన్నాడు అంతేగా అంది.

నవంబరు 1, సమాధుల పండుగ

మా అమ్మ సమాధి దగ్గర దీపాలు పెట్టాం. లిద్కా ఒంటరిగా వచ్చింది. మాట కలుపుదామని, రాడెక్ రాలేదేం అని అడిగాను. ఆరేళ్ళుగా దానితో ఉంటున్నవాడు, అడగాలి కదా. అది నన్ను చూసిన చూపు! దీపం పెట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

బస్‌స్టాపులో గ్రజినా నా చెయ్యి పట్టుకుని ఆపింది. మొహం నా మొహానికి ఎదురుగా పెట్టి అంది.

"ఏం మనిషివయ్యా నువ్వు. రాడెక్ వదిలేసి వెళ్ళిపోయాడని ఆ సినిమా రోజునే నీతో చెప్పింది కదా. చాలా మంచిది, ఎప్పుడో జరగాల్సింది అన్నావట."

అన్నాను. అవార్డు సంగతేదో చెబుతోందనుకుని అన్నాను.

నవంబరు 5

గ్రజినాకి నిజం చెప్పలేదు. రాడెక్ అంటే నాకు మొదట్నుంచీ పడదని తనకి తెలుసు, అందుకే అన్నాననుకుంటోంది. అనుకోనిచ్చాను. చెవిటివాణ్ణని ఒప్పుకోవడం కంటే కఠినాత్ముణ్ణని అనిపించుకోవడమే నాకు సులువైంది. కన్న కూతురు తన కష్టం చెబితే మంచిదన్న తండ్రి! అయినా చెప్పను.

ఇన్నాళ్ళూ లెక్టరే నన్ను కాపాడుకొచ్చాడు. అతని గొంతు అందినంతకాలం నా చెవులు బాగున్నాయనుకున్నాను. నా ఇంట్లో ఆడవాళ్ళకి ఆ గొంతు లేదు.

నవంబరు 17

సెంటర్‌ని రెండు పుస్తకాల ఎత్తు లేపాను. డైలాగ్ లెవెల్ ఆఖరుదాకా పెంచాను. ముద్దే, కాకపోతే ఇప్పుడు పెద్ద ముద్ద.

నవంబరు 24, ఆదివారం, పొద్దున పది

గ్రజినా హెరింగ్ చేప ఊరేసింది. చీజ్ కేక్ చల్లారుతోంది. లిద్కా మూడింటి బండికి వస్తుంది. తల్లి బతిమాలితే వస్తోంది.

నవంబరు 25

నిన్న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

అందరం కూర్చున్నాం. లిద్కా నాకు దూరంగా, కిటికీ పక్కన. సినిమాలో అది నర్సు. తెర మీదికి రాగానే బోగుష్ చప్పట్లు కొట్టాడు. మంచం మీది ముసలావిడతో ఏదో చెబుతోంది, కళ్ళలో నీళ్ళు. గ్రజినా ముక్కు చీదింది. నేను రిమోట్ నొక్కాను. ఇంకా నొక్కాను. గుమ్మం మీది గాజు గలగలలాడింది. బోగుష్ నవ్వుతూ, వెయ్యి వాట్లు తీసుకోమంటే విన్నావా అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. లిద్కా కూడా.

టీవీ ఆపేశాను.

"నాకు వినబడదే లిద్కా. ఆ రోజూ వినబడలేదు. సినిమాలోనూ, బయటా. నువ్వు చెప్పింది ఒక్కటీ వినకుండానే మంచిదన్నాను. సిగ్గేసి ఇన్నాళ్ళూ దాచాను."

తల ఎత్తలేకపోయాను. రిమోట్ మీద ఉన్న గుండీలన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం తెలిసింది, నేల అదిరింది కనుక. లిద్కా వచ్చి నా ఎడమ భుజానికి ఆనుకుని కూర్చుంది. రిమోట్ తీసుకుని టీవీ వేసింది, ధ్వని బాగా తగ్గించింది. తర్వాత నా చెవి దగ్గర గొంతు లావు చేసి, ఎత్తుపల్లాలు లేకుండా లెక్టర్‌లా మొదలుపెట్టింది. ముసలావిడ మాటలు, డాక్టరు మాటలు, తన మాటలు, అన్నీ అదే గొంతులో. తెర మీద అది వెక్కి వెక్కి ఏడుస్తుంటే, నా చెవిలో అది బస్సుల వేళలు చదివినట్టు చదువుతోంది. ప్రతి మాటా విన్నాను.

మధ్యలో డాక్టరు కారిడార్లో నడిచి వెళ్ళే చోట ఎవరి నోరూ కదల్లేదు. అయినా లిద్కా ఆపలేదు, అదే గొంతుతో అంది.

"రాడెక్ వెళ్ళిపోయాడు. నాకు చాలా కష్టంగా ఉంది నాన్నా. ఇది సినిమాలోది కాదు."

విన్నానన్నాను. దాని చెయ్యి పట్టుకున్నాను. తర్వాత డాక్టరు మాట్లాడాడు, అది చదివింది.

డిసెంబరు 4

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. డాక్టరమ్మ ఒక గ్రాఫు చేతికిచ్చింది. రెండు వందల యాభై హెర్ట్జ్ నుంచి ఎనిమిది వేల దాకా, నా ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్. రెండు వేలు దాటగానే గీత మేడ మీంచి దూకేసింది. తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను. బోగుష్ బీరు తీసుకోబోతూ చూసి, ఇంత నాసిరకం ఏ కంపెనీది బావా అన్నాడు.

నాదేనన్నాను.