మూడు మూలల రేకు

బాయా పట్టణంలో, దునా నది పాయ పక్క వీధిలో, రెండో అంతస్తులో ఉంటున్న చోర్బా డెజో అనే నేను, వయసు డెబ్బై అయిదు, కట్టుడు పళ్ళు తయారుచేసి రిటైరైనవాణ్ణి, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, నా తదనంతరం నాదన్నది ఏది ఎవరికి చెందాలో ఈ కాగితాల్లో తెలియజేస్తున్నాను. మతి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. చేతులే స్థిమితంగా లేవు. సొంత దస్తూరీతో రాసుకుంటే సాక్షులు అక్కర్లేదట గాని, ఇప్పుడు నేను రాసింది నేనే చదవలేను. అందుకని మా అక్క కూతురు లిల్లా టైపు చేస్తోంది. టైపు చేసినదానికి ఇద్దరు సాక్షులు కావాలనీ, ఆ సాక్షులకి ఇందులో ఏం రాసినా అది చెల్లదనీ నోటరీ గారు చెప్పారు. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే పొయ్యిలో వేయండి.

1. ఈ ఇల్లు, ఇంట్లో ఉన్న సామాను, నా భార్య ఎతెల్కా పింగాణీ గిన్నెలతో సహా, పైన చెప్పిన లిల్లాకి దఖలు పరుస్తున్నాను. వంటింటి బల్ల మీద జిగురు మరకలున్నాయి. వాటిని గీకించవద్దని నా కోరిక, షరతు మాత్రం కాదు. “మావయ్యా, నాకొచ్చేది నేనే టైపు చేసుకోవడం ఏం బాలేదు” అంటోంది. బాగుండకపోయినా కానివ్వమన్నాను.

2. చేపల పులుసు కాచే పెద్ద గుండిగ, దాని ఇనప ముక్కాలి పీట నా బావమరిది ఇల్లేష్‌కి చెందుతాయి. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి జూలైలోనూ ఆ గుండిగ దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నాం. అతను మిరప్పొడి ఎక్కువ వేస్తాడు. నేను మళ్ళీ చెక్క నమూనా విమానాలు కట్టడం మొదలుపెట్టినప్పుడు, పదిమంది కూర్చున్న బల్ల దగ్గర, “ఏం బావా, పంటి సెట్లు అయిపోయాయా, ఇంక పిల్లల బొమ్మలా?” అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదని అతనికి తెలియాలి. గుండిగ మాత్రం మంచిది, జాగ్రత్తగా వాడుకోమనండి.

3. ఎతెల్కా స్టాప్‌వాచ్‌ని నాతో పాటు శవపేటికలో పెట్టాలి. కీ ఇచ్చి పెట్టాలి. మా విమానాలు పదహారు మీటర్ల రెండు ఉక్కు తీగల చివర గుండ్రంగా తిరుగుతాయి. ఎగరేసేవాడు వలయం మధ్యలో పిడి పట్టుకుని, దాంతో పాటే తానూ తిరగాలి. విమానం మీంచి చూపు తీశాడా, కళ్ళు తిరిగి పడిపోతాడు. వెనక ఉన్న చెట్లూ మనుషులూ అంతా గీతల్లా కలిసిపోతారు. ఏడేళ్ళ పాటు ప్రతి ఆదివారం ఆమె ఆ గీతల్లో ఎక్కడో నిలబడి నాకోసం టైము లెక్కపెట్టింది. ఆ రోజుల్లో ఆమె ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే నాకు విమానమే కనిపిస్తుంది. ఇందుకు ఆమెకి క్షమాపణ చెప్పుకోలేదు.

4. నా మూడు ఇంజన్లు, బ్లేళ్ళు, గుండుసూదుల డబ్బా, విప్పని రెండు కిట్లు సాంస్కృతిక భవనంలోని వర్క్‌షాపుకి ఇస్తున్నాను. ఎతెల్కా పోయిన మరుసటి ఏడు, నా అరవై ఏడో ఏట, పోస్టులో విమానం విడిభాగాల కిట్టు ఒకటి తెప్పించుకున్నాను. పెట్టె మూత తీయగానే బల్సా చెక్క వాసన తగిలింది. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడటం లేదు. మా రోజుల్లో రెక్క లోపలి పక్కటెముకలు ఒక్కొక్కటే కోసుకునేవాళ్ళం, ఇప్పుడు కోసే పంపిస్తున్నారు. జిగురు కూడా పది సెకన్లలో పట్టేస్తుంది. కాబట్టి అతికించే ముందు రెండుసార్లు చూసుకోమని అక్కడ నేర్చుకునేవాళ్ళకి చెప్పండి.

ఈ ఆటకి ఇద్దరు కావాలి. మధ్యలో పిడి పట్టుకునేవాడు, అంచున విమానం పట్టుకుని వదిలేవాడు. నాకు వదిలేవాడు లేడు. అందుకని నేలలో ఒక మేకు దిగేసి, దానికి విమానాన్ని తగిలించి, దూరం నుంచి దారం లాగి వదులుకునేవాణ్ణి. ఎనిమిదేళ్ళు ఆ మేకుతోనే నెట్టుకొచ్చాను. ఆ మేకు ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

5. పోయిన చలికాలంలో పూర్తిచేసిన ఎర్ర విమానాన్ని, తీగలతో, పిడితో సహా, పడవల రేవు వీధిలో ఉంటున్న హాల్మొష్ వెన్సెల్‌కి ఇస్తున్నాను. అటక మీద అట్టపెట్టెలో ఉన్న పాత విరిగిన రెక్క కూడా అతనికే చెందుతుంది. ఎందుకో చెప్పకపోతే ఈ వీలునామా రాయించి ప్రయోజనం లేదు.

వెన్సెల్, నేను జోడీ. నేను మధ్యలో, అతను అంచున. 1974 జూన్‌లో పెద్ద పోటీ, గెలిచిన జోడీని దేశం జట్టులోకి తీసుకుంటారు. మూడు రోజుల ముందు సాధనలో మా రెక్క విరిగింది. ఇంకో కిట్టు విప్పి కొత్త రెక్క నేనే కట్టాను. ఆ మూడు రోజులూ వదలకుండా వాన, ఎగరేసి చూసుకునే వీల్లేకపోయింది. పోటీ రోజున ఇంజను మొరాయించి, చివరికి అంటుకునేసరికి మాకిచ్చిన టైము అయిపోవచ్చింది. వెన్సెల్ మోకాళ్ళ మీద కూర్చుని, విమానాన్ని పట్టుకుని అరిచాడు: “ఒరేయ్ డెజో, పిడి ఆడించు, తోక చూస్తాను.” ప్రతిసారీ అనేవాడు. ప్రతిసారీ నేను ఆడించేవాణ్ణి, తోక మీది పలక సరైన వైపు కదులుతోందని చూసి అప్పుడు వదిలేవాడు. ఆ రోజు నేను “టైము లేదు, వదులు” అని చెయ్యి ఊపాను. వదిలాడు. నేను పైకి లాగాను. విమానం సిమెంటు నేలలోకి దిగింది.

తీగలు తగిలించడం వదిలేవాడి పని. ముందు తీగ లాగితే విమానం పైకి, వెనక తీగ లాగితే కిందికి పోవాలి. అందుకని న్యాయనిర్ణేతల ముందు, మా ఊరివాళ్ళందరి ముందు, “వీడు తీగలు మార్చి తగిలించాడు” అన్నాను. వెన్సెల్ విరిగిన ముక్కలు ఏరి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. క్లబ్బులో అతని పేరు కొట్టేశారు. సాంస్కృతిక భవనంలో పిల్లలకి నేర్పే ఉద్యోగం పోయింది. నాకు తెలిసినవాళ్ళలో అంత సన్నగా, అంత తిన్నగా చెక్క కోయగలిగినవాడు ఇంకొకడు లేడు. అలాంటివాడు నదిలో సరుకు బార్జీల మీద తాళ్ళు లాగే పనికి పోయాడు. నేను కూడా ఆట మానేశాను, కాని పౌరుషంతో మానేశాను, నాకే అన్యాయం జరిగినట్టు. ఆ తరవాత వీధిలో ఎదురైతే ఒకళ్ళం అటు పక్కకి దాటేవాళ్ళం. ఎతెల్కా అంత్యక్రియలకి వచ్చి, చివరి వరసలో నిలబడి, చెయ్యి కలపకుండా వెళ్ళాడు.

మళ్ళీ మొదలుపెట్టిన ఏడాది, పాత ఇంజను కోసం అటక మీది పెట్టె దించాను. రెక్క కొలతలు తీసుకుందామని దాని మీద తొడుగులా మిగిలిన కాగితం చింపాను. రెక్క మధ్యలో మూడు మూలల రేకు ఒకటి ఉంటుంది. రెండు మూలలకి తీగలు, మూడో మూలకి తోకని కదిలించే కడ్డీ. ఆ మూడో మూల బయటి రెక్క వైపు ఉండాలి. నాది లోపలి వైపు ఉంది. నేనే తిప్పి అతికించాను. వెన్సెల్ తీగలు సరిగ్గానే తగిలించాడు. ఒక్కసారి పిడి ఆడించి ఉంటే అది అక్కడే తెలిసిపోయేది.

ఇది జరిగి ఎనిమిదేళ్ళు. వెన్సెల్ ఇల్లు ఇక్కణ్ణుంచి పన్నెండు నిమిషాల నడక. అతని వీధి మొదట్లో ఉన్న రొట్టెల కొట్టు దాకా వెళ్ళి, పొగాచాలనే చిన్న ఉప్పు రొట్టెలు కొనుక్కుని వెనక్కొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. నేను పిరికివాణ్ణి. పోయాక నోటరీ చేత చదివిస్తే నేను అతని మొహం చూడనక్కర్లేదు కదా అనుకున్నాను. ఈ అయిదో అంశం అందుకోసం రాయించిందే.

6. ఈ అంశం నేను అనుకున్నది కాదు. మొదటి సాక్షి, పై అంతస్తు టీచరమ్మ శారోల్తా గారు, చెప్పిన టైముకే వచ్చి కూర్చున్నారు. రెండో సాక్షి, కింది ఇంటి మిష్కా, నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. “ఉండు మావయ్యా, ఎవరినో ఒకరిని తీసుకొస్తా” అని లిల్లా వెళ్ళింది. తీసుకొచ్చింది వెన్సెల్‌ని. టైపు చేస్తున్నది తనే కనుక, ఎవరిని తీసుకురావాలో దానికి బాగా తెలుసు. నన్ను అడగలేదు.

కర్ర మీద ఆనుకుని గుమ్మంలో నిలబడి, “చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు” అన్నాడు. కూర్చుని మొదటినుంచీ చదివాడు. గుండిగ దగ్గర కొంచెం నవ్వాడు. అయిదో అంశం రెండుసార్లు చదివాడు.

“ఇది నాకు తెలుసురా” అన్నాడు. “ముక్కలు ఏరింది నేనేగా. కాగితం చిరిగి రేకు కనపడుతూనే ఉంది.”

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వే చూస్తావులే అనుకున్నా. విరిగిందాన్ని ఎవడైనా విప్పి చూస్తాడు గదా. వారం చూశాను. నెల చూశాను. తరవాత పడవెక్కాను.”

నేను విప్పలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు విప్పలేదు. ఈ మాట ఇక్కడ నమోదు చేయమన్నాను.

సాక్షిగా సంతకం పెడితే విమానం నీకు దక్కదని కూడా అతనికి చెప్పాను. “ఎక్కడ పెట్టుకోను, వద్దు” అన్నాడు. కాబట్టి అయిదో అంశం చెల్లదు. అయినా కొట్టేయకూడదని నా ఆదేశం, అది చదివేవాళ్ళ కోసం అలాగే ఉండాలి. విమానం లిల్లా దగ్గర ఉంటుంది. క్షమించానని వెన్సెల్ అనలేదు. నాకు అడిగే మొహం లేదు.

శారోల్తా గారు పెన్ను ఇవ్వబోతే వెన్సెల్ ఆగమన్నాడు. బీరువా మీంచి ఎర్ర విమానాన్ని దింపించి, కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. లిల్లా చేత తీగలు వంటింట్లోంచి, గుమ్మం దాటి, బయటి పొడుగు నడవా చివరిదాకా పరిపించి, నా కుర్చీ అక్కడికి జరిపించాడు. పిడి నా చేతికిచ్చారు.

“ఒరేయ్ డెజో, పిడి ఆడించు, తోక చూస్తాను” అన్నాడు.

ఆడించాను. నా చెయ్యి వణుకుతుంటే తోక కూడా వణికింది. అయినా చెయ్యి పైకి వంచితే పైకి లేచింది, కిందికి వంచితే దిగింది. వెన్సెల్ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“సరిగ్గా ఉంది” అని పెన్ను అడిగాడు.

పైన రాయించినదంతా నాకు చదివి వినిపించగా విని, ఒప్పుకుని, ఇద్దరు సాక్షులూ చూస్తుండగా సంతకం చేశాను.

బాయా, 2021 అక్టోబరు 17, ఆదివారం

చోర్బా డెజో
(వంకరగా ఉన్నా సంతకం నాదే)

సాక్షులు:
కాతొనా శారోల్తా, రిటైర్డు ఉపాధ్యాయిని
హాల్మొష్ వెన్సెల్, విమానాలు వదిలేవాడు