కోసేసిన గొట్టం

అక్కకు,

చెడిపోయిన పనిముట్టు చేతిలో ఉండటం మేలా, అసలేమీ లేకపోవడం మేలా? పదకొండేళ్లుగా ఈ ప్రశ్నను వెంటేసుకు తిరుగుతున్నాను. సందేహాల పుట్ట అని నువ్వు పెట్టిన పేరు ఊరికే పోలేదు. క్షేమ సమాచారం చెప్పకుండా ప్రశ్నతో మొదలెట్టానని కోప్పడకు. ఇక్కడ నేనూ, మీ మరిదీ, పిల్లా బాగున్నాం. అక్కడ నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ మరిది దగ్గు తగ్గింది, సణుగుడు తగ్గలేదు. పిల్ల లెక్కల్లో గట్టెక్కింది. ఇక మూడోది, "ఆఫీసులో ఆ గొడవేమిటే, క్షమాపణగా రెండు వాక్యాలు రాసి పడేస్తే నీ సొమ్మేం పోయింది" అన్నావు. దానికి కాస్త వివరంగా రాయాలి.

నా పని నీకు తెలిసిందే. అగ్నిమాపక కేంద్రాలు తిరిగి, వాళ్ల యంత్రాలు పరీక్షించి సంతకం పెట్టడం. వాటిలో ఒకటి, నుజ్జయిన కారు తలుపుని దవడలతో పెకలించే స్ప్రెడర్. దాని బలమంతా పంపు నుంచి సన్నటి గొట్టంలో వచ్చే నూనెది. ఆ ఒత్తిడి ఎంతంటే, గొట్టానికి సూదిబెజ్జం పడితే చాలు, చిమ్మే నూనె చేతి తొడుగునీ చర్మాన్నీ దాటి లోపలికి పోతుంది. అందుకే ఎక్కడ కారుతోందో చూడటానికి చెయ్యి పెట్టం, అట్టముక్క పెడతాం.

కిందటి నెల ఒక కేంద్రంలో గొట్టం మీద జానెడు మేర నల్ల టేపు చుట్టి ఉంది.

"గొట్టానికి జలుబు చేసిందా, మఫ్లరు కట్టారు?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. స్ప్రెడర్ పట్టే పొడుగాయన, "గీతలు పడకుండా చుట్టాం మేడమ్" అన్నాడు. టేపు విప్పితే కింద బఠాణీ గింజంత బుడిపె.

"మీ కంటపడితే పట్టుకుపోతారు" అన్నాడు ఆయనే. "పోయినసారి పంపు తీసుకెళ్లి ఏడు నెలలకి కొత్తది ఇచ్చారు. అన్నాళ్లూ జనం గుద్దుకోవడం మానేస్తారా?"

"ఇది పగిలితే ముందు పోయేది మీ చెయ్యే."

"నా చెయ్యి సంగతి నేను చూసుకుంటా మేడమ్. మీరు సంతకం సంగతి చూడండి."

వాడొద్దని ఎర్ర చీటీ కట్టి రావడం వరకే నా అధికారం. నేను గడప దాటగానే ఆ చీటీ ఊడుతుందని నాకు తెలుసు. హాక్సా అడిగి తీసుకుని, అందరి ఎదుటే గొట్టాన్ని రెండు ముక్కలు చేశాను.

ఆరు రోజులకి ఆ కేంద్రం దగ్గర్లోనే ఒక వ్యాను గోడను గుద్దింది. డ్రైవరు కాళ్లు ఇనుము మధ్య ఇరుక్కున్నాయి. పక్క ఊరి నుంచి స్ప్రెడర్ రావడానికి యాభై నిమిషాలు పట్టింది. మనిషి బతికాడు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. "తొందరపాటుతో ఆఫీసు వస్తువును పాడుచేశాను, చింతిస్తున్నాను" అని రాసిమ్మంటున్నాడు మా పై అధికారి. కొత్తవి రావడానికి ఏడు నెలలు ఎందుకు పడుతుందో మాత్రం ఎవరినీ రాసిమ్మనలేదు.

ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఒకటుంది. నా చూపుడువేలు తలుపు సందులో పడి నలిగిందని చెప్పానుగా. నువ్వు ఆ తలుపునీ మీ మరిదినీ కలిపి తిట్టావు. తలుపూ లేదు, సందూ లేదక్కా. పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్త. ఇలాంటి బుడిపే కనిపిస్తే, "బాగుందని రెండు వాక్యాలు రాసెయ్యమ్మా" అని ఒక పెద్దాయన అన్నాడు. రాసేశాను. మనసు ఊరుకోక మర్నాడు మళ్లీ వెళ్లి, పంపు నడుస్తుండగా దాన్ని వేలితో తడిమాను. అట్టముక్క పెట్టాలని చదువుకున్నదాన్ని, వేలు పెట్టాను. చీమ కుట్టినట్టయింది. చిన్న ఎర్ర చుక్క, అంతే. భోజనానికి కూడా కూర్చున్నాను. సాయంత్రానికి మోచేతి దాకా వాచింది. రెండు కణుపులు తీసేశారు. నా సంతకం నా వేలికే తగిలింది కాబట్టి సరిపోయింది. ఇంకొకరి చేతికి తగిలుంటే నీకు ఉత్తరం రాసే ముఖం కూడా ఉండేది కాదు.

అందుకే ఈ ఉదయం ఆఫీసులో నేనిచ్చిన కాగితంలో ఇంతే ఉంది: "గొట్టం నేనే కోశాను. ఇలాంటిది మళ్లీ కనిపిస్తే మళ్లీ కోస్తాను." ఉద్యోగం పోతే పోనీ. మిగిలిన తొమ్మిది వేళ్లతో ఏదో ఒకటి చేసుకుంటాను.

ఈ తెగింపంతా ఒక్కచోట ఆగిపోతోంది. మొన్న ఆ డ్రైవరు భార్య మా ఆఫీసుకి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. కుర్చీ అంచున కూర్చుని, "మీరు ఆ గొట్టం కోయకపోతే మా ఆయన కాలు ఉండేదా?" అని అడిగింది.

"తెలియదమ్మా."

"ఇంత చదువుకున్నారు. మీకే తెలియకపోతే ఎవర్నడగను?"

మంచినీళ్లిచ్చాను. తాగి, "తెలిశాక చెప్పండి" అని లేచి వెళ్లిపోయింది.

ఆ తలుపు పెకలించడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ గొట్టం ఆగేదేమో. ఆగకపోతే పొడుగాయన చెయ్యీ పోయి, ఆ కాలూ పోయేదేమో. కోసిన రెండు ముక్కలూ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. రోజూ తీసి ఆ బుడిపెని చూస్తున్నాను. ఆమెకు ఏం చెప్పాలో ఇంకా తెలియలేదక్కా.

ఇట్లు,
నీ చెల్లెలు,
సందేహాల పుట్ట