ఆవిడ గేటు ముందు గట్టు

అక్కయ్యకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాశాక, ఆ అందరూ ఎవరా అని చూసుకుంటే నేనూ, నాలుగు చక్రాల బండీ తేలాం. బండికి పొద్దున పూట దగ్గు, నాకు సాయంత్రం పూట. అంతకు మించి ఇద్దరికీ ఏ లోటూ లేదు. నీ చెవి మిషను అలవాటైందో లేదో రాయి. అది కుదిరేదాకా మనకు ఉత్తరాలే గతి. పోయినసారి ఫోనులో నేను అరిచిన అరుపులకు నీకేమీ వినపడలేదు గానీ, ఇక్కడ కుక్కలు మాత్రం లేచి నిలబడ్డాయి.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మోకాలు మెట్లెక్కేటప్పుడు మాట్లాడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. వంట నేనే చేసుకుంటున్నాను, రుచి సంగతి అడక్కు. మూడోది, ఫోటోలో నా వెనకాల ఉన్నది బుల్డోజరు కన్న పిల్లా అని. చెబుతాను. నాలుగోది, నాతో మాట్లాడే మనిషంటూ ఉన్నారా అని. ఉన్నారని ఇదివరకు మూడు ఉత్తరాల్లో రాశాను. నువ్వు నమ్మకుండా, లేకపోతే మీ ఇంటికి వచ్చెయ్యమన్నావు. వస్తే ఒక్క మాట కూడా తిట్టనని ఒట్టు కూడా వేశావు. దానికి చివర్లో వస్తాను.

ఆ బండి మోటారు సైకిలుకు అన్న, ట్రాక్టరుకు తమ్ముడు. కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చుని హ్యాండిలు పట్టుకోవాలి. చక్రాలు నాలుగూ తిన్నది అరగనట్టు ఉబ్బి ఉంటాయి. ఈ వీధిలో సముద్రానికి ఎదురుగా పది ఇళ్ళున్నాయి. సెలవుల్లో తప్ప తొమ్మిదింటికి తాళాలే. గాలి రోజుల్లో తెల్లారేసరికి ఇసుక వచ్చి వీధిని కప్పేస్తుంది. అందుకని యజమానులంతా కలిసి ఈ బండి కొన్నారు. లారీ షెడ్డులో నలభై ఏళ్ళు మెకానిక్‌గా చేసినవాణ్ణని దాన్ని నా చేతికిచ్చి, నన్ను వీధి చివరి గదిలో పెట్టారు.

బండి ముందు రెండు వస్తువుల్లో ఏదో ఒకటి తగిలించుకోవచ్చు. మొదటిదాన్ని నాగలి అంటారు గానీ అది దున్నదు. వంపు తిరిగిన పెద్ద ఇనప రేకు, ఇసుకను తోసుకుపోతుంది. రెండోది బకెట్టు. నీళ్ళు తోడేది కాదు, ఇసుకను ఎత్తి దూరంగా తీసుకెళ్ళి పోసేది. రేకు తీసి బకెట్టు పెట్టాలంటే జానెడు పొడవు ఇనప పిన్నులు రెండు లాగాలి. చేయి తిరిగినవాడికి నాలుగు నిమిషాల పని.

బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. బడిలో అబ్బని చదువు ఇసుకలో అబ్బింది. అది రాసినవాడు మహా పిరికివాడు, పేజీకి పదిసార్లు జాగ్రత్త అంటాడు. నిండిన బకెట్టును నేలకు దగ్గరగా ఉంచాలట, పైకెత్తి మలుపు తిరిగితే బోల్తాయేనట. వెనక రెండు ఇసుక బస్తాలు కట్టాలట, లేకపోతే ముందు బరువుకు వెనక చక్రాలు పట్టు తప్పి ఉత్తినే తిరుగుతాయట. ఇసుకను మోయడానికి ఇసుకనే వెనకేసుకు తిరగమన్న ఆ తెలివి నాకు నచ్చింది. ఇంకో ముక్క కూడా ఉంది. రేకును ఏటవాలుగా పెట్టి తోస్తే ఇసుక దాని చివర నుంచి జారి దారి పక్కన గట్టులా పడుతుంది, కాబట్టి గేట్ల ముందు ఆగి రేకు ఎత్తాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

తాళం లేని పదో ఇంట్లో ఒక ఆవిడ ఉండేది. పూర్వం టెలిఫోను ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఊళ్ళనూ ఊళ్ళనూ కలిపిన మనిషి. మొదటిసారి ఆవిడ గేటు ముందు గట్టు పొరపాటునే పడింది. చేతిలో చెత్త ఎత్తే చేటతో బయటికొచ్చి, గొంతు పెంచకుండా, మెకానిక్ గారూ దయచేసి అంటూనే నన్ను ఉతికి ఆరేసింది. ఆవిడ తిట్లు సరిగ్గా మూడు నిమిషాల్లో ముగుస్తాయి, పై ఊళ్ళ ట్రంకు కాలుకు మూడు నిమిషాలే ఇచ్చిన రోజుల అలవాటు. తర్వాత నేను రేకు తీసి బకెట్టు తగిలించుకుంటుంటే గేటు మీద చేయి వేసుకుని కబుర్లు చెప్పింది. పెళ్ళి కుదిరిందన్న మాటా, మనిషి పోయాడన్న మాటా ఒకే తీగ మీద, ఒకే రోజు తన చెవిలోంచే వెళ్ళాయని చెప్పింది. నేనూ లారీల సంగతులు చెప్పాను.

మర్నాడు ఆవిడ గేటు ముందు నేను రేకు ఎత్తలేదు.

కావాలనే అక్కా. ఆ రోజూ, ఆ తర్వాత నలభై రోజులూ. పొద్దున్నే గట్టు వేయడం, ఇంజను ఆపడం, ఆవిడ వచ్చి మూడు నిమిషాలు తిట్టడం. పిన్ను తుప్పు పట్టి రావడం లేదండీ అని నేను పావుగంట దాన్ని గుంజుతూ ఉండడం. ఆ పిన్నుకు రోజూ సాయంత్రం గ్రీజు పూసేవాణ్ణి. నీకు రాసిన మూడు ఉత్తరాల్లో, మాట్లాడే మనిషి ఉన్నారన్నది ఆ పావుగంట గురించే.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. రాయడానికి రెండు నెలలు పట్టింది.

ఒకరోజు గట్టు వేసి ఇంజను ఆపాను. ఆవిడ రాలేదు. పది నిమిషాలు చూశాను. నా వేషం కనిపెట్టి అలిగిందనుకున్నాను. నాకూ రోషం వచ్చింది. పిలవలేదు, తలుపు కొట్టలేదు, గట్టు తీయలేదు. గదికొచ్చి టీ పెట్టుకున్నాను. ఆవిడ ఆరింటికే స్నానాలగదిలో జారిపడిందట. బండి రావడం, ఆగడం, వెళ్ళిపోవడం అన్నీ వింది. పిలిచిందట కూడా. ఆ గాలిలో నాకు వినపడలేదు. పాక్కుంటూ హాల్లో ఉన్న ఫోను దాకా వెళ్ళేసరికి పొద్దున పదయింది.

అంబులెన్సు వచ్చి నేను వేసిన గట్టులోనే కూరుకుపోయింది. హారను విని బండి వేసుకొచ్చి బకెట్టు తగిలిద్దామని పిన్ను లాగాను. రోజూ రానని మొరాయించినట్టు నటించిన పిన్ను, గ్రీజు మహిమ, చేతిలోంచి జారి ఇసుకలో పడింది. వెతికితే దొరకలేదు. అది లేకపోతే బకెట్టు నిలవదు. డ్రైవరు కాళ్ళతో, నేను గేటు పక్కనున్న ఆవిడ చేటతో, ఆనక ఒట్టి చేతులతో తవ్వాం. పదకొండు నిమిషాలు పట్టింది. తుంటి ఎముక విరిగిందనీ, పదకొండు నిమిషాల వల్ల ఎక్కువేమీ కాలేదనీ డ్రైవరు మర్నాడు చెప్పాడు. ఆరు నుంచి పది దాకా సంగతి అతనికి తెలియదు.

స్ట్రెచరు మీద నన్ను దాటి వెళ్తూ ఆవిడ కళ్ళు తెరిచి, అదే నెమ్మది గొంతుతో అడిగింది.

"మెకానిక్ గారూ, ఆ పిన్ను ఇవాళైనా ఊడిందా?"

"ఊడిందండీ. ఇసుకలో పడిపోయింది."

"వెతకండి" అంది. వ్యాను తలుపులు వేసేశారు.

అంటే నా నాటకం ఆవిడకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే రోజూ చేట పట్టుకుని వచ్చింది. అది తలుచుకుంటే ఒక పూట మనసు తేలికవుతుంది, ఇంకో పూట మరింత బరువెక్కుతుంది.

ఆరు రోజులు జల్లెడ పట్టి పిన్ను వెతికి తీశాను. ఆవిడ తమ్ముడి ఇంటి నంబరు సంపాదించి ఫోను చేశాను. అక్కయ్య నిద్రపోతోందనీ, ఇక అక్కడే ఉంటుందనీ, ఇల్లు ఖాళీ చేస్తామనీ ఆయన చెప్పాడు. ఏమైనా చెప్పాలా అని అడిగాడు. "పిన్ను దొరికిందని చెప్పండి" అన్నాను. రాంగు నంబరనుకున్నాడేమో, పెట్టేశాడు. ఏడు వారాలైంది. మళ్ళీ చేసే ధైర్యం లేదు. ఆ తీగ మీద నా మాట ఆవిడ చెవిదాకా వెళ్ళిందో లేదో తెలియదు.

ఇప్పుడు ఆవిడ గేటు ముందు ఆగి, రేకు ఎత్తి, పుస్తకంలో రాసినట్టే గట్టు పడకుండా తీస్తున్నాను. అంత శుభ్రమైన గేటు ఈ వీధిలో ఇంకోటి లేదు. దాన్ని తెరిచేవాళ్ళే లేరు. పని అయ్యాక ఇంజను ఆపి, ఎత్తాల్సింది ఏమీ లేకపోయినా రేకు తీసి బకెట్టు పెడతాను. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన పదకొండు నిమిషాలూ గాలి మాట్లాడుతుంది. చిన్నప్పుడు నువ్వు నోరు మూసినా మూతపడనివాణ్ణి కదా, ఇప్పుడు వింటున్నాను.

కాబట్టి నాలుగో ప్రశ్నకు జవాబు, ఎవరూ లేరక్కా.

నెలాఖరుకు గాలి రోజులు అయిపోతాయి, బండి తాళం ఇచ్చేస్తాను. మళ్ళీ ఒకసారి రమ్మని రాయి, ఈసారి రెండోసారి చెప్పించుకోను. కానీ వస్తే ఒక్క మాట కూడా తిట్టనని పెట్టావే, ఆ షరతు మాత్రం కొట్టేసి రాయి.

ఇట్లు,
తిట్లకు మొహం వాచిన
నీ తమ్ముడు,
వాగుడుకాయ